ఇంటర్‌ఫెరాన్ బీటా 'అగ్నికి ఆజ్యం' కాదు: ఆ సందేశాన్ని ఇక పంపకండి

మా చెల్లెలికి ఎం.ఎస్. (మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే రోగనిరోధక వ్యవస్థే మెదడును, వెన్నుపామును దెబ్బతీసే జబ్బు) ఉందని, ఇంటర్‌ఫెరాన్ బీటా ఇంజెక్షన్ తీసుకుంటోందని తెలిసిన ప్రతి ఒక్కరూ ఆ సందేశాన్ని నాకు పంపుతున్నారు. పిన్ని పంపింది. కళాశాలలో తోటి అధ్యాపకులు పంపారు. పండగకు కూడా పలకరించని ఒక దూరపు బంధువు "మీ చెల్లికి చూపించు" అని మరీ పంపాడు. ప్రేమతోనే పంపుతున్నారు కదా అని చాలాకాలం నోరు మెదపలేదు. నిన్న చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, ఈసారి ఇంజెక్షన్ మానేయనా?" అని అడిగింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

చూడనివారి కోసం ఆ సందేశంలో ఉన్నది చెబుతాను. ఇంటర్‌ఫెరాన్ రోగనిరోధక శక్తిని పెంచే పదార్థం కాబట్టి ఎం.ఎస్. రోగికి ఇవ్వడం అగ్నికి ఆజ్యం పోయడమేనట, దీన్ని 1987లోనే 18 మంది రోగుల్లో నిరూపించి దాచేశారట. అదే మందు రోగనిరోధక శక్తిని పూర్తిగా చంపేస్తుందట. ఇంజెక్షన్ తర్వాత వచ్చే జ్వరం విషానికి గుర్తట. రెండేళ్లలో ఆ మందు నీళ్లతో సమానమవుతుందట. ఎలుక కణాల్లో తయారవుతుందట. ఆడపిల్లలు తీసుకుంటే పిల్లలు పుట్టరట. దీన్ని వాడి ఒక మహిళ చూపు పోగొట్టుకుందట. చివరి సలహా: ఇంజెక్షన్ మానేసి రోజూ తిప్పతీగ కషాయం తాగండి, పది మందికి పంపండి.

నేను వైద్యురాలిని కాను. డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం చెబుతాను. ఈ సందేశంలోని తప్పులు పట్టడానికి అంతకుమించి అవసరం లేదు.

చిన్నవాటిని ముందు పక్కన పెడతాను. ఎలుక కణాల మాట: బీటా-1ఎ రకాన్ని చైనీస్ హామ్‌స్టర్ అండాశయ కణాల్లో, బీటా-1బి రకాన్ని ఇ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేస్తారు. ఇన్సులిన్ కూడా బ్యాక్టీరియాలోనో ఈస్టులోనో తయారవుతోంది. దానికి లేని భయం దీనికెందుకు? పిల్లల మాట: గర్భిణుల నమోదుల్లో పేరుకున్న సమాచారాన్ని పరిశీలించాక ఐరోపా మందుల సంస్థ 2019లో, అవసరమైతే గర్భధారణ సమయంలో కూడా ఇంటర్‌ఫెరాన్ బీటా వాడటాన్ని ఆలోచించవచ్చని, పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చని లేబుల్ మార్పించింది. ఎం.ఎస్. మందుల్లో ఈ మాట అనిపించుకున్నవి చాలా తక్కువ. పెళ్లీడు ఆడపిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క అబద్ధం ఎంత నిద్ర చెడగొడుతుందో రాసినవారికి తెలుసా?

ఇక అసలు విషయానికి వద్దాం. 1987లో ఏదో జరిగిన మాట నిజం. అమెరికాలో హిల్లెల్ పానిచ్ బృందం 18 మంది ఎం.ఎస్. రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చింది, వారిలో ఏడుగురికి జబ్బు తిరగబెట్టింది. ఎవరూ దాచలేదు. అది లాన్సెట్ అనే ప్రముఖ వైద్య పత్రికలోనే అచ్చయింది. కానీ వాళ్లిచ్చింది ఇంటర్‌ఫెరాన్ గామా. మా చెల్లెలు తీసుకుంటున్నది ఇంటర్‌ఫెరాన్ బీటా. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ఒకరు చేసిన అప్పు మరొకరి దగ్గర వసూలు చేస్తామా? సందేశం రాసినవారు 1987 అనే సంవత్సరం జాగ్రత్తగా రాసుకున్నారు, 18 అనే సంఖ్య రాసుకున్నారు, 'గామా' అనే రెండక్షరాలు మాత్రం వదిలేశారు. పొరపాటున వదిలేశారనుకోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

తేడా పేరులో మాత్రమే లేదు. ఈ రెండూ కణంలోకి పంపే సంకేతాలే వేరు. బీటా వచ్చి కణం ఉపరితలం మీద ఐఎఫ్ఎన్ఏఆర్ అనే జంట గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీనుకు) అతుక్కుంటుంది. గ్రాహకానికి లోపలివైపు అంటిపెట్టుకుని ఉండే టైక్2, జాక్1 అనే రెండు ఎంజైములు చురుకవుతాయి. అవి స్టాట్1, స్టాట్2 అనే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఆ రెండూ జతకట్టి, ఐఆర్ఎఫ్9ను కలుపుకొని, కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువుల పనితీరు మారుస్తాయి. గామాకు గ్రాహకం వేరు. దాని కింద పనిచేసేవి జాక్1, జాక్2. అక్కడ స్టాట్1 మరో స్టాట్1తోనే జతకడుతుంది, డీఎన్ఏ మీద ఆ జంట వెళ్లి కూర్చునే చోటు కూడా వేరే. గామా, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్ కణాలను రెచ్చగొడుతుంది. టి కణాలకు 'ఇదిగో శత్రువు' అని చూపించే రెండో తరగతి ఎంహెచ్‌సి అణువులను కణాల మీద పెంచుతుంది. గామా అలా పెంచిన అణువులను బీటా తగ్గిస్తుందని ప్రయోగశాలలో చాలాకాలం కిందటే చూశారు. ఒకటి చేసిన పనికి రెండోది అడ్డుపడుతుంటే, మొదటిదాని నేరాన్ని రెండోదాని మీద మోపడం ఏం న్యాయం?

బీటా తీసుకునేవారి రక్తంలో జరిగేది 'పెరగడం' అనో 'చావడం' అనో ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు. వాపును చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10 పెరుగుతుంది. వాపును రెచ్చగొట్టే ఇంటర్‌ల్యూకిన్-17ను స్రవించే టి కణాలు తయారవడం తగ్గుతుంది. నియంత్రణ చేసే సహజ హంతక కణాల్లో సిడి56 ఎక్కువగా ఉన్న రకం పెరుగుతుంది, జ్ఞాపక బి కణాలు తగ్గుతాయి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది మెదడు రక్తనాళాల దగ్గర జరిగేది. టి కణం రక్తనాళం గోడను పట్టుకుని మెదడులోకి జారాలంటే దాని మీద విఎల్ఏ-4 అనే అణువు కావాలి, గోడ మీద విసిఎఎమ్-1 కావాలి, దారిలోని పొరను కోసుకుపోవడానికి ఎంఎంపి-9 అనే ఎంజైము కావాలి. బీటా వల్ల టి కణాల మీద విఎల్ఏ-4 తగ్గుతుంది, ఎంఎంపి-9 తగ్గుతుంది. విసిఎఎమ్-1 గోడ నుంచి విడిపోయి రక్తంలో కరిగిన రూపంలో పెరుగుతుంది, అంటే టి కణం గోడను పట్టుకోవలసిన చేయి నడిదారిలోనే నిండిపోతుంది. నటాలిజుమాబ్ అనే బలమైన మందు పూర్తిగా మూసేసేది కూడా ఈ విఎల్ఏ-4నే. మందు మొదలుపెట్టిన కొద్ది వారాలకే ఎమ్మారైలో గాడోలినియం అనే రంగుమందు పట్టే కొత్త మచ్చలు తగ్గడానికి ఇదే పెద్ద కారణం.

ఇంకొక ఆధారం చెబితే 'ఆజ్యం' వాదం అక్కడితో ముగిసిపోతుంది. 2008లో మార్కో ప్రింజ్ బృందం ఎలుకల్లో ఈ ఐఎఫ్ఎన్ఏఆర్ గ్రాహకాన్నే తీసేసి, ఎం.ఎస్.ను పోలిన జబ్బు కలిగించింది. ఇంటర్‌ఫెరాన్ సంకేతం ఆజ్యమే అయితే, ఆ సంకేతం అందని ఎలుకల్లో జబ్బు తగ్గాలి కదా? తగ్గలేదు, మరింత తీవ్రమైంది. మన శరీరం తానుగా తయారుచేసుకునే బీటా కూడా ఆ వాపును అదుపులో పెట్టడానికే పనిచేస్తోందన్నమాట.

నిజాయితీగా ఒక మాట చేర్చాలి. బీటా చేసే పనులన్నీ చల్లార్చేవి కావు. ఇంజెక్షన్ మర్నాడు రక్తం పరీక్షిస్తే సిఎక్స్‌సిఎల్10 వంటి, వాపు వైపు కణాలను పిలిచే సంకేతాలు కూడా పెరిగి కనిపిస్తాయి. లూపస్ జబ్బులో ఇదే ఐఎఫ్ఎన్ఏఆర్ సంకేతం హాని చేస్తుంది కాబట్టి ఆ గ్రాహకాన్ని మూసే అనిఫ్రోలుమాబ్‌ను 2021లో అమెరికాలో ఆమోదించారు. ఒక జబ్బులో ఏ గ్రాహకాన్ని మూస్తే మేలు జరుగుతోందో, మరో జబ్బులో దాన్నే తట్టిలేపితే మేలు జరుగుతోంది. కాబట్టి ఇది పనిచేస్తుందా లేదా అన్నది కాగితం మీద తర్కంతో తేలదు, రోగుల్లో చూసి తేల్చుకోవాలి. చూశారు కూడా. 1993లో అచ్చయిన పరీక్షలో 372 మందిని రెండేళ్ల పాటు గమనిస్తే, పూర్తి మోతాదు బీటా-1బి తీసుకున్నవారిలో రిలాప్స్‌లు (జబ్బు తిరగబెట్టడాలు) దాదాపు మూడో వంతు తగ్గాయి. దాదాపు 21 ఏళ్ల తర్వాత ఆ 372 మందిలో 366 మంది ఏమయ్యారో ఆచూకీ తీశారు. మొదట్లో పూర్తి మోతాదు అందినవారిలో మరణాలు, ఉత్తుత్తి ఇంజెక్షన్ అందినవారికంటే తక్కువగా ఉన్నాయి. అగ్నికి ఆజ్యం పోస్తే ఇలా జరుగుతుందా?

రెండో ఆరోపణను చూస్తే రాసినవారు తమ మొదటి పేరాను తామే చదవలేదని అర్థమవుతుంది. పైన శక్తిని పెంచి చంపుతుందన్నారు. రెండు వరుసలు దాటేసరికి శక్తినే చంపుతుందంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా! లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) సంఖ్య కొంత తగ్గవచ్చు, అందుకే మధ్యమధ్య రక్తపరీక్ష చేస్తారు. కానీ 2020లో వెలువడిన స్వీడన్ దేశవ్యాప్త పరిశీలనలో, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడినవారితో పోలిస్తే ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరామర్ అనే మరో ఎం.ఎస్. మందు వాడినవారికి తీవ్ర ఇన్ఫెక్షన్లు తక్కువగానే వచ్చాయి. ఫ్లూ టీకాకు వీరి శరీరం మామూలుగానే స్పందిస్తుంది. కోవిడ్ కాలంలో న్యూరాలజిస్టులు అన్నిటికన్నా తక్కువగా బెంగపడింది ఈ ఇంజెక్షన్ వాడేవారి గురించే.

జ్వరం గురించి. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జ్యాఁ లిండెన్‌మాన్ ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్నది వైరస్ సోకిన కణాల నుంచే. మనకు ఫ్లూ వచ్చినప్పుడు ఒళ్లు నొప్పులు, చలి, నీరసం వచ్చేది చాలావరకు మన ఇంటర్‌ఫెరాన్ వల్లే, అది లేపే ఇతర సంకేతాల వల్లే. సూదితో ఇచ్చినా శరీరం అలాగే స్పందిస్తుంది. ఆ బాధ మోతాదు మోతాదుకూ ముదరదు. ఇది నెలలు గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు, రాత్రి పడుకునే ముందు వేసుకోమంటారు, ముందుగా పారాసిటమాల్ ఇస్తారు. మా చెల్లెలు ఆ చలిలో దుప్పటి కప్పుకుని వణకడం నేను చూశాను. అది చిన్న బాధ అని నేను అనను. విషమని చెప్పి ఆ బాధకు భయం కూడా జోడించడాన్నే తప్పుపడుతున్నాను.

రెండేళ్లలో నీళ్లవుతుందన్న మాటలో సగం నిజముంది. కొందరి శరీరం ఈ మందును అడ్డుకునే యాంటీబాడీలను తయారుచేస్తుంది. బీటా-1బి వాడేవారిలో ఇది ఎక్కువ, బీటా-1ఎ వారానికొకసారి కండరంలో వేసుకునేవారిలో బాగా తక్కువ. అవి సాధారణంగా మొదటి రెండేళ్లలోనే తలెత్తుతాయి. ఎక్కువ స్థాయిలో నిలిచిపోతే గ్రాహకానికి మందు అతుక్కోదు, నేను పైన చెప్పిన సంకేతమేదీ బయలుదేరదు. మందు పనిచేస్తుంటే ఎంఎక్స్ఏ అనే ప్రోటీను పెరగాలి కాబట్టి, పరీక్ష అందుబాటులో ఉంటే దాన్ని కొలిచి తెలుసుకోవచ్చు. యాంటీబాడీలు లేకపోయినా ఈ మందుకు స్పందించనివారు ఉన్నారు. కొందరిలో మందు మొదలుపెట్టక ముందే రక్తకణాల్లో ఇంటర్‌ఫెరాన్ సంకేతం ఎక్కువగా ఉంటుందని, వారికి మరింత ఇచ్చినా ఉపయోగం తక్కువని బార్సిలోనాలో మానుయెల్ కోమబేయా బృందం 2009లో చూపింది. అలాంటప్పుడు వైద్యులు మరో మందుకు మారుస్తారు. కొందరికి పనిచేయలేదని అందరూ మానేయాలనడం ఏ లెక్క?

ఇప్పుడు చూపు పోయిన మహిళ కథ. దీన్ని కూడా అబద్ధమని కొట్టేస్తానని అనుకుంటున్నారేమో. కొట్టేయను. ఆ సందేశం మొత్తంలో నన్ను ఆపి ఆలోచింపజేసినది ఇదొక్కటే. ఆమె ఎవరో నాకు తెలియదు, కానీ అలా జరగడం సాధ్యమే. న్యూరోమైలైటిస్ ఆప్టికా అని ఎం.ఎస్.ను పోలిన మరో జబ్బుంది. కంటి నరాన్ని, వెన్నుపామును పట్టుకుంటుంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆసియా రోగుల్లో దీని వాటా ఎక్కువ. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు దీనికే ప్రత్యేకమైన యాంటీబాడీని పట్టుకునేదాకా, ఇలాంటివారిలో ఎందరినో ఎం.ఎస్. పేరుతోనే చూశారు. ఆ యాంటీబాడీ గురిపెట్టేది ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీను మీద. ఈ జబ్బు బి కణాలు, యాంటీబాడీల మీద నడుస్తుంది. ఇంటర్‌ఫెరాన్ బీటా బి కణాలను బతికించే బాఫ్ అనే సంకేతాన్ని పెంచుతుంది. ఎం.ఎస్.లో పెద్దగా నష్టం చేయని ఆ పెరుగుదల ఇక్కడ ప్రమాదం. ఇంటర్‌ఫెరాన్ ఇచ్చాక ఇలాంటి రోగుల్లో జబ్బు విజృంభించిందని జపాన్ వైద్యులు, బ్రిటన్ వైద్యులు 2010 ప్రాంతంలో రాశారు. కాబట్టి ఈ విషయంలో ఆ సందేశం భయం అర్థం లేనిది కాదు. రెండు కళ్లూ ఒకేసారి దెబ్బతిన్నా, వెన్నుపాములో పొడవైన మచ్చ ఉన్నా, ఆగకుండా వాంతులూ వెక్కిళ్లూ వచ్చినా, ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందే ఆక్వాపోరిన్-4 పరీక్ష చేయించారా అని అడగండి. ఎం.ఎస్.ను పోలిన ఇంకో జబ్బును పట్టించే మోగ్ యాంటీబాడీ గురించి కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది, విసుక్కునే హక్కు ఎవరికీ లేదు. ఆ సందేశం రాసినవారు ఈ పరీక్ష పేరు ఒక్కటి రాసి ఉంటే ఎందరికో మేలు జరిగేది. రాయలేదు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఇది ఇప్పుడున్నవాటిలో బలమైన మందు కాదు. 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రోగుల సమాచారాన్ని చూసినవారికి, ఇంటర్‌ఫెరాన్ వాడటానికీ నడక వైకల్యం నెమ్మదించడానికీ మధ్య సంబంధం కనిపించలేదు. జబ్బు ఉధృతంగా ఉన్నవారికి ఇవాళ చాలామంది న్యూరాలజిస్టులు దీనితో మొదలుపెట్టరు. రిలాప్స్‌లు ఆగి జబ్బు నెమ్మదిగా ముదిరే దశలో దీనివల్ల ప్రయోజనం పెద్దగా లేదు. ఖరీదు కూడా తక్కువేం కాదు. "ఇంతకంటే మంచిది నాకు కుదురుతుందా?" అని డాక్టరును అడగడం న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మరో మందు అవుతుంది, కషాయం కాదు.

ఆ కషాయం దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే ఆ సందేశంలో మనిషికి నేరుగా హాని చేసేది ఈ చివరి రెండు వరుసలే. తిప్పతీగను మనవాళ్లు దేనికి తాగుతారు? రోగనిరోధక శక్తి పెరగాలని. సీసా మీద కూడా అదే రాస్తారు. అంటే, శక్తిని పెంచుతుందన్న కారణంతో ఇంజెక్షన్ మానిపించి, శక్తిని పెంచుతుందని పేరున్న తీగను తాగిస్తున్నారు! ఆ వరుసలు రాస్తున్నప్పుడు ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించలేదా? పది మందికి పంపేముందు మనలో ఒక్కరైనా ఆలోచించలేదా?

కాలేయం సంగతి చూడండి. 2021లో ముంబయి కాలేయ వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురు రోగుల వివరాలు ప్రచురించారు. కాలేయం మీద రోగనిరోధక వ్యవస్థే దాడి చేసే జబ్బు లక్షణాలు వారిలో కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాంతో విభేదించింది, అదీ చెప్పాలి. కానీ మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి ఇలాంటివే మరిన్ని కేసులు వెలుగులోకి వచ్చాయి. ముందునుంచే ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు అందులో ఉన్నారు. ఎం.ఎస్. అలాంటి జబ్బే. ఇంటర్‌ఫెరాన్ కూడా కొందరిలో కాలేయ ఎంజైములను పెంచుతుంది, అందుకే మొదటి నెలలో, మూడో నెలలో, ఆరో నెలలో కాలేయ పరీక్ష చేయిస్తారు. ఇంజెక్షన్ మానకుండా రెండూ కలిపి తీసుకునేవారు కూడా ఉన్నారు, ఇంట్లో పెద్దలు చెప్పారని. వారి కాలేయ పరీక్షలో ఎంజైములు పెరిగితే నింద ఇంజెక్షన్ మీద పడుతుంది. కషాయం సంగతి డాక్టరుకు ఎవరూ చెప్పరు.

ఇప్పటికే మానేసినవారికి చెబుతున్నాను. ఒకటి రెండు ఇంజెక్షన్లు తప్పినంత మాత్రాన కొంపలు మునగవు, ఇంటర్‌ఫెరాన్ ఆపగానే జబ్బు ఒక్కసారిగా ఎగసిపడదు. కానీ కొన్ని నెలల్లో అది మందుకు ముందున్న జోరుకు చేరవచ్చు, కొత్త మచ్చ పడితే అది పూర్తిగా చెరుగుతుందన్న హామీ లేదు. మీ న్యూరాలజిస్టుకు ఈరోజే ఫోన్ చేయండి. ఎన్ని ఇంజెక్షన్లు తప్పాయో చెప్పండి, ఎందుకంటే విరామం ఎక్కువైతే మళ్లీ తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టమనవచ్చు. ఏ కషాయం, ఎన్నాళ్లు, ఎంత తాగారో దాచకుండా చెప్పి కాలేయ పరీక్ష చేయించుకోండి. మనసు బాగా కుంగిపోయి ఉంటే అదీ చెప్పండి, ఈ మందు వాడేవారిలో దాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఆక్వాపోరిన్-4 పరీక్ష పాత ఫైలులో ఉందో లేదో వెతకండి, లేకపోతే దాని గురించి కూడా అదే ఫోన్లో అడగండి.